చిన్న కారునకు మఱిన్ని గుఱ్ఱములు

గత సంవత్సరము వేసవి సెలవులకు కొన్ని దినములు ముందుగా, ఒకనాటి సాయంకాలమున మన పాఠశాల వాకిట ఒక క్రొత్త చిన్న కారు వచ్చి నిలిచెను. దానిని నడిపించుకొని వచ్చినవాడు మనయొద్ద చదివి, పైచదువులు ముగించి, ఇటీవలనే ఉద్యోగమున ప్రవేశించిన పూర్వవిద్యార్థి. తండ్రి ఈ ప్రాంతమున టమోటా పండించు రైతు. తండ్రి కొన్నియేండ్లు కూడబెట్టిన సొమ్మును, కుమారుని జీతము చూపి తెచ్చిన అప్పును కలిపి ఆ కారు కొనిరి. పిల్లలు దానిచుట్టును మూగి, "అన్నా, దీనికెన్ని గుఱ్ఱముల బలము?" అని అడిగిరి. "ఎనుబదిమూడు" అని యతడు చెప్పెను. చెప్పునప్పుడు అతని మొగమున సంతోషముకంటె కొఱతయే యెక్కువగా గానవచ్చెను. ఏలయనగా, అదే పేరు, అదే రూపము, అదే పొడవు గల కారు వేఱొక యింజనుతో నూటయిరువది గుఱ్ఱముల బలము కలదిగా అమ్ముడగుచున్నది.

పిల్లలు చెదరిపోయిన పిమ్మట అతడు మాతో మెల్లగా ఇట్లనెను: "అయ్యవారూ, పట్టణములో ఒక అంగడివారు ఇంజనునకు చిన్న పెట్టె యొకటి తగిలించి బలము పెంచెదమనుచున్నారు. ముప్పదివేల రూపాయలు కావలెనట. అయిదువేలు బయానా ఇచ్చివచ్చితిని. మా నాయనకు ఇంకను చెప్పలేదు. చేయించమందురా, వద్దందురా?"

ఒక్క మాటతో ఉత్తర మీయగల ప్రశ్న కాదది. "ఒక వారము ఆగుము, లెక్కలు చూచి చెప్పెదము" అంటిమి. అతనికి చెప్పిన సంగతులే ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి కోరిక మన పైతరగతుల బాలురలో పలువురికి కలదని మేమెఱుగుదుము. ఆ కోరికకు సొమ్ము చెల్లింపవలసినవారు వారి తల్లిదండ్రులు. కావున ఈ వ్యాసము ఉభయులకును ఉపయోగపడునని తలంచుచున్నాము.

అశ్వశక్తి యననేమి?

పత్తికొండకు గుఱ్ఱములు క్రొత్తవి కావు. మదరాసు గవర్నరుగానుండిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన ఈ యూరనే కలరా సోకి మరణించెను. ఆనాడు గవర్నరంతటివాడైనను గుఱ్ఱముల మీదనో, పల్లకీలోనో ఇచ్చటికి రావలసినదే. అయితే అప్పటికే ఇంగ్లండున గుఱ్ఱము చేయు పనిని ఆవిరియంత్రములు చేయ మొదలిడియుండెను. ఆ యంత్రములను బాగుచేసి అమ్మిన జేమ్సు వాట్టు, తన యంత్రము ఎన్ని గుఱ్ఱములకు సమానమో కొనువారికి తెలియజెప్పుటకై ఒక కొలత నేర్పరచెను. ఒక నిమిషములో 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తునకు లేవనెత్తు పని ఒక అశ్వశక్తి యని ఆయన నిర్ణయము. నేడు మన దేశమున కార్ల విషయమై చెప్పెడు అశ్వశక్తి దీనికంటె కొంచెము చిన్నది: ఒక సెకనులో 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తునకు లేవనెత్తుట. విద్యుత్తు కొలతలో ఇది సుమారు 735 వాట్లగును.

విద్యార్థులు దీనిని తమ శరీరముతోనే పరీక్షించి చూడవచ్చును. 50 కిలోల బరువుగల బాలుడు మూడు మీటర్ల ఎత్తుగల మెట్లను నాలుగు సెకనులలో ఎక్కెననుకొందము. 50ని 3చే హెచ్చించి 4చే భాగించిన 37½ వచ్చును. 75లో ఇది సగము. అనగా ఆ నాలుగు సెకనుల సేపు అతడు అరగుఱ్ఱము. ఎనిమిది సెకనులలో ఎక్కినచో పావుగుఱ్ఱము మాత్రమే. ఎక్కిన ఎత్తు ఒక్కటే, మోసిన బరువు ఒక్కటే. పట్టిన కాలమే వేఱు. ఇందువలన బలము వేఱు, అశ్వశక్తి వేఱు అని తెలియవలెను. ఎంత పని జరిగినదనునది మాత్రమే కాక, ఎంత త్వరగా జరిగినదనునది కూడ అశ్వశక్తిలో చేరియున్నది.

మన ప్రాంతమున కపిలె తోలుట నెఱిగిన పెద్దలకు ఈ సంగతి సులభముగా బోధపడును. బావినుండి నీరు ఎక్కువగా రావలెనన్న రెండు మార్గములు: బాన పెద్దది చేయుట, లేదా ఎడ్లను గంటకు ఎక్కువసారులు త్రిప్పుట. ఇంజనులో బానవంటిది త్రిప్పుబలము. దీనిని న్యూటను మీటర్లలో కొలుతురు. ఎడ్ల రాకపోకలవంటివి ఇంజను నిమిషమునకు తిరుగు చుట్లు. త్రిప్పుబలమును చుట్లతో హెచ్చించి 7,024చే భాగించినచో అశ్వశక్తి వచ్చును. ఈ యొక్క సూత్రమును చదువరులు గుర్తుంచుకొనవలెను. కడపట మన పూర్వవిద్యార్థి చిక్కును విడదీసినది ఇదియే.

ఇంజనునకు గాలియే ఆహారము

పెట్రోలు మండుటవలన ఇంజను నడచునని అందఱెఱుగుదురు. పెట్రోలు మండుటకు దానికంటె ఎన్నియో రెట్లు గాలి కావలెనని పలువురెఱుగరు. ఒక కిలో పెట్రోలు చక్కగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి వలయును. పెట్రోలును ఎక్కువగా పోయుట తేలిక. చిన్న పంపు ఆ పని చేయును. గాలిని ఎక్కువగా నింపుటయే కష్టము. పొయ్యిలో కట్టెలెన్ని పెట్టినను గాలి తగులనిచో పొగయే గాని మంట రాదు. కావున ఇంజను అశ్వశక్తి పెంచుట యనగా, నిమిషమునకు అది పీల్చు గాలిని పెంచుటయే.

ఇందునకు త్రోవలు మూడు మాత్రమే కలవు. మొదటిది, సిలిండరులను పెద్దవి చేయుట. రెండవది, ఇంజనును ఎక్కువ వేగముగా త్రిప్పుట. మూడవది, అదే సిలిండరులోనికి గాలిని ఒత్తి దట్టముగా నింపుట. అంగళ్లలో ఎన్ని పేర్లతో ఎన్ని పరికరములు అమ్మినను, అవి ఈ మూడింటిలో ఏదో యొకదాని క్రిందకు వచ్చును. లేదా ఇంజను లోపల వ్యర్థమగుచున్న శక్తిని కొంత మిగుల్చును. ఈ రెండును కానిచో, అవి కొనువాని జేబును మాత్రమే తేలికచేయును.

గాలి ఎంత ముఖ్యమో తెలుపు ప్రసిద్ధమైన పరీక్ష యొకటి 1918లో అమెరికాలో జరిగెను. విమానములు ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై ఇంజనుల బలము తగ్గుచుండెను. శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు, లిబర్టీ అను విమానపు ఇంజనును పైక్స్ పీక్ అను 14,000 అడుగులకు మించిన కొండ శిఖరమునకు తీసికొనిపోయి నడిపి చూచెను. క్రింద సుమారు 350 అశ్వశక్తి నిచ్చిన ఆ యింజను, కొండపై 230 మాత్రమే ఇచ్చెను. గాలిని ఒత్తి నింపు యంత్రమును తగిలించినంతనే అది మరల 356 ఇచ్చెను. ఇంజను మాఱలేదు, దాని సిలిండరులు మాఱలేదు. గాలి మాత్రమే మాఱినది.

మన యూరు అంత ఎత్తున లేదు గాని, ఇచ్చటి యెండ కూడ గాలిని పలుచన చేయును. 15 డిగ్రీల చల్లని గాలితో పోల్చినచో, మే నెలలో 43 డిగ్రీలు కాగిన గాలి అదే పరిమాణమున నూటికి తొమ్మిది పాళ్లు తక్కువ తూగును. కావున మిట్టమధ్యాహ్నమున కారు బరువుగా నడచుచున్నదని తోచుట వట్టి భ్రమ కాదు.

పెనుకొండ కారు: ఇంజనులు రెండు

ఇక మన పూర్వవిద్యార్థి కారు సంగతి. అది కియా సోనెట్. దూరదేశపు పేరైనను అది మన రాయలసీమలోనే తయారగుచున్నది. గుత్తి, అనంతపురముల మీదుగా బెంగుళూరు పోవువారికి పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచికడ బాట ప్రక్కనే ఆ కర్మాగారము గానవచ్చును. ఒకనాడు అనంతపురము జిల్లాలోనుండిన ఆ తావు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 2019 ఆగస్టులో అచ్చటినుండి మొదటి సెల్టోస్ కార్లు బజారునకు వచ్చెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో సోనెట్ వచ్చెను.

ఆ కారు పొడవు నాలుగు మీటర్లకు లోబడియుండును. ఇందునకు కారణము మన పన్నుల చట్టము. పొడవు నాలుగు మీటర్లు దాటక, పెట్రోలు ఇంజను 1,200 ఘనసెంటీమీటర్లు మించనిచో, ఆ కారు చిన్న కారుగా నెంచబడి తక్కువ పన్నునకు పాత్రమగును. కావున మొదటి త్రోవయైన "పెద్ద సిలిండరు" ఇచ్చట మూసివేయబడినది. ఆ గిరి దాటకుండ తయారుచేయువారు రెండు విధములైన పెట్రోలు ఇంజనులను అమర్చిరి.

మొదటి ఇంజనునకు సిలిండరులు నాలుగు, పరిమాణము 1,197 ఘనసెంటీమీటర్లు. ఇది తన యూపిరితోనే గాలిని పీల్చుకొనును. త్రిప్పుబలము మిక్కిలిగా 115 న్యూటను మీటర్లు, అశ్వశక్తి 83. రెండవ ఇంజను దానికంటె చిన్నది: సిలిండరులు మూడే, పరిమాణము 998 ఘనసెంటీమీటర్లే. అయినను త్రిప్పుబలము 172 న్యూటను మీటర్లు, అశ్వశక్తి 120. చిన్నది పెద్దదానిని మించుటకు కారణమేమి? దానికి టర్బో కలదు.

టర్బో యనగా ఒకే యిరుసునకు రెండు కొనల తగిలించిన రెండు చిన్న చక్రములు. ఇంజను విడిచిన వేడిపొగ బయటికి పోవుచు ఒక చక్రమును త్రిప్పును. రెండవ చక్రము దానితో తిరిగి క్రొత్త గాలిని ఒత్తి సిలిండరులలోనికి నెట్టును. నిమిషమునకు లక్ష చుట్లకు మించి ఇవి తిరుగగలవు. ఒత్తుటచే వేడెక్కిన గాలిని మధ్యలో ఒక జల్లెడవంటి రేడియేటరు చల్లార్చును. వ్యర్థముగా పోవు పొగచేతనే పని చేయించు ఈ యుపాయమునకు స్విట్జర్లండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటు పొందెను. 1962లో అమెరికాలో మొదటిసారి ఇది అమ్మకపు కార్లలోనికి వచ్చెను. పైని రెండు ఇంజనులను లీటరు లెక్కన పోల్చి చూడుడు: మొదటిది లీటరునకు 96 న్యూటను మీటర్లు, రెండవది 172. ఒక్కొక్క లీటరు ఇంచుమించు రెండు లీటర్ల పని చేయుచున్నది.

"అయినచో నా యింజనునకే టర్బో తగిలించిన సరిపోదా?" అని మన పూర్వవిద్యార్థి యడిగెను. సరిపోదు. గాలి ఎక్కువైన మంట ఎక్కువగును. మంట ఎక్కువైన పిస్టనులు, కడ్డీలు, కవాటములు, శీతలపు నీరు, నూనె, క్లచ్చి, గేర్లు, ఇవన్నియు ఆ తాకిడికి తగినట్లుండవలెను. టర్బో ఇంజనును మొదటినుండి అందుకొఱకే నిర్మింతురు. సామాన్యపు ఇంజనులో గాలిని మితిమీఱి ఒత్తినచో, నిప్పురవ్వతో మొదలైన మంట తన్ను చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే భగ్గుమనును. అప్పుడు పిస్టనుమీద సుత్తిదెబ్బ పడినట్లగును. ఇంజనులో టకటకమని వినబడు ఆ చప్పుడు దాని ప్రాణమునకు ముప్పు తెచ్చును.

అంగళ్లవారు చూపు త్రోవలు

ఇప్పుడు అంగళ్లలో దొరకు ఉపాయములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది, తెఱపి గాలివడపోత. కంపెనీవారి కాగితపు వడపోతను తీసివేసి, గాలి ధారాళముగా పోవు వేఱొకదానిని అమర్తురు. చప్పుడు పెద్దదగును, అందుచే బలము పెరిగినదని తోచును. నిజమైన లాభము ఒకటి రెండు గుఱ్ఱములకు మించుట అరుదు. బోనెట్టు లోపలి వేడిగాలిని పీల్చినచో నష్టమే కలుగును. మన నల్లరేగడి, ఎఱ్ఱమట్టి బాటలమీది సన్నని దుమ్ము అందుగుండ పోయి సిలిండరు గోడలను ఆకురాయివలె గీయును. రాయలసీమలో ఈ యుపాయము పనికిరాదు.

రెండవది, పెద్ద పొగగొట్టము. ఇది కూడ టర్బో లేని ఇంజనునకు ఒరుగబెట్టునది స్వల్పము. ఊరివారి నిద్ర చెడగొట్టుటలో మాత్రము దీనికి సాటి లేదు.

మూడవది, మన పూర్వవిద్యార్థి బయానా యిచ్చిన "పెట్టె". నేటి ఇంజనులలో పెట్రోలు ఎప్పుడు ఎంత చిమ్మవలెనో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. ఆ లెక్కలను మార్చుట, లేదా దానికి తప్పుడు సంకేతములు పంపుట ఈ పెట్టె పని. టర్బో గల ఇంజనులో ఈ మార్పుచే గాలి ఒత్తిడిని హెచ్చింపవచ్చును గనుక నూటికి ఇరువది పాళ్లవఱకు కూడ బలము పెరుగవచ్చును. యంత్రభాగముల ఆయుస్సు ఆ మేరకు తఱుగును. టర్బో లేని ఇంజనులో ఒత్తుటకు గాలియే లేదు. పని తెలిసినవారు చేసినను నూటికి అయిదు, మిక్కిలిగా పది పాళ్లు పెరిగిన గొప్ప. 83 గుఱ్ఱములు 88 కావచ్చును. ముప్పదివేల రూపాయలకు అయిదు గుఱ్ఱములు!

నాలుగవది, ఎక్కువ ధర గల పెట్రోలు. ఆక్టేను సంఖ్య హెచ్చుగా నున్న పెట్రోలులో బలము హెచ్చుగా నుండునని పలువురు భ్రమపడుదురు. ఆ సంఖ్య తెలుపునది, ముందుగా భగ్గుమనకుండ ఓర్చుకొను గుణమును మాత్రమే. ఆ గుణము నుపయోగించుకొనునట్లు నిర్మింపబడని ఇంజనునకు దానివలన లాభము లేదు. 2025 నాటికి మన దేశమంతటను బంకులలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చినది. ఇథనాలునకు ఆ యోర్పు ఎక్కువే. కాని లీటరు పెట్రోలులో నున్న వేడిలో మూడింట రెండు వంతులు మాత్రమే దానియందు కలదు. ఓర్పు వేఱు, వేడి వేఱు అనుటకు ఇదియే నిదర్శనము.

చట్టమేమి చెప్పుచున్నది?

తల్లిదండ్రులు ఈ భాగమును తప్పక చదువవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చుటకు యజమానికి అధికారము లేదు. ఈ నియమమును సుప్రీముకోర్టు 2019 జనవరిలో గట్టిగా సమర్థించెను. అదే సంవత్సరము చట్టమునకు చేసిన సవరణచే, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలలవఱకు చెఱసాలయో, ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానాయో, లేక రెండునో విధింపవచ్చునని ఏర్పడినది. ఇంజనునే మార్చదలచినవారు రవాణా అధికారుల అనుమతి ముందుగా పొందవలెను.

ఇవి గాక, ఇట్టి పెట్టె తగిలించిన క్రొత్త కారు ఇంజను చెడినచో తయారుచేసినవారు తమ హామీ చెల్లదనవచ్చును. ప్రమాదము జరిగినచో భీమావారు కూడ చిక్కులు పెట్టవచ్చును. మాకు తెలిసిన యొకరి కారునకు ఇట్లే జరిగినది. పెట్టె యమర్చిన మూడు నెలలకే, నడివేసవిలో, అయిదుగురు కూర్చుండి రాజబాటపై వేగముగా పోవుచుండగా నీరు మఱగి ఇంజను తల వంగినది. మరమ్మతునకు అయిన వ్యయము పెట్టె వెలకు మూడు రెట్లు. అంతయు వారు తామే భరింపవలసివచ్చినది.

మఱియొక సంగతి. అంగడివారు ఇంజను బలము పెంతురు గాని, బ్రేకులను పెంచరు. వేగము రెట్టింపైన తాకిడి నాలుగు రెట్లగును. వేరుసెనగ మోపులతో దీపములు లేక పోవు ట్రాక్టర్లు, సాయంకాలము ఇంటికి మరలు గొఱ్ఱెల మందలు గల మన బాటలమీద, ఆగగల శక్తియే మొదట చూచుకొనవలసిన శక్తి.

కట్టివేసిన గుఱ్ఱములు

ఇంతవఱకు చెప్పినది విని మన పూర్వవిద్యార్థి చిన్నబోయెను. "అయితే ఏమియు చేయలేమా? ట్రాక్టరును దాటబోవునప్పుడు కారు ముందుకు దూకదు. ఎక్కుడు బాటలో ఈడ్చుకొనిపోవును" అనెను. "నీవు ఆ సమయమున ఏ గేరులో నుందువు?" అని యడిగితిమి. "అయిదవ గేరులో. పెట్రోలు ఆదా యగునని" అని చెప్పెను.

మేము వెదకుచుండిన ఉత్తరము అప్పుడు దొరకినది. 83 అను సంఖ్య ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పటిది మాత్రమే. గంటకు 50 కిలోమీటర్ల వేగమున అయిదవ గేరులో ఆ యింజను సుమారు 1,500 చుట్లు తిరుగుచుండును. అప్పుడు త్రిప్పుబలము 100 న్యూటను మీటర్లనుకొందము. మన సూత్రము ప్రకారము 100ని 1,500తో హెచ్చించి 7,024చే భాగించిన వచ్చునది 21. అతడు కాలితో పెడలును అడుగంట నొక్కినను, ఆ క్షణమున కారునకు కట్టియున్నవి ఇరువదియొక్క గుఱ్ఱములే! తక్కినవి లాయములో నిలిచియున్నవి. గేరు తగ్గించి, ఇంజనును 4,200 చుట్లు తిరుగనిచ్చినచో త్రిప్పుబలము 115. లెక్క వేసిన 69 గుఱ్ఱములు. కాని ఖర్చు లేకుండ, పెట్టె లేకుండ, చట్టము మీఱకుండ, నలువది యెనిమిది గుఱ్ఱములు అదనముగా వచ్చినవి.

టర్బో కారు సులభముగా నడచుటలోని రహస్యము కూడ ఇదియే. అది 1,500 చుట్లకే 172 న్యూటను మీటర్లు ఇచ్చును గనుక గేరు మార్చకయే 37 గుఱ్ఱములు లభించును. సోమరి చేతికి అది అనుకూలము. టర్బో లేనిదానికి చేయి పని చెప్పవలెను, అంతియే భేదము.

రెండవ ఉపాయము బరువు. అతని కారు వెనుక తలుపు తెఱచి చూచితిమి. తోటకు కావలసిన ఎరువు మూటలు రెండు, ఒక్కొక్కటి 50 కిలోలు, పది దినములనుండి అందులోనే యున్నవి! ఖాళీ కారు 1,100 కిలోలు, అయిదుగురు మనుష్యులు 300 కిలోలు అనుకొందము. మొత్తము 1,400, మూటలతో 1,500. 83 గుఱ్ఱములు 1,400 కిలోలను లాగుట, 89 గుఱ్ఱములు 1,500 కిలోలను లాగుటతో సమానము. అనగా మూటలు దింపుటచే ఆరు గుఱ్ఱములు. అంగడివారి పెట్టె ఇచ్చుననిన అయిదు గుఱ్ఱములకంటె ఒకటి ఎక్కువ!

మూడవది, చక్రములలోని గాలి. తలుపు స్తంభముమీది చీటీలో వ్రాసియున్న ఒత్తిడిని, ఉదయమున టైర్లు చల్లగానున్నప్పుడు సరిచూడవలెను. గాలి తగ్గిన టైరు ఇసుకలో నడచినట్లు నడచును. నాలుగవది, దుమ్ము పట్టిన గాలివడపోతను సకాలమున మార్చుట. మన బాటలలో పుస్తకములో చెప్పినదానికంటె ముందుగానే మార్చవలసియుండును. అయిదవది, కారును చల్లబఱచు ఏసీ యంత్రము తనకై మూడు నాలుగు గుఱ్ఱములను తీసికొనును; నిట్టయెక్కుడున క్షణకాలము దానిని నిలిపినచో ఆ గుఱ్ఱములు చక్రములకు చేరును.

చదును బాటమీద గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఇట్టి కారు నడచుటకు నిజముగా కావలసినది ఎంత? గాలి అడ్డును, టైర్ల రాపిడిని లెక్కించి చూడగా మాకు 13 అశ్వశక్తి మాత్రమే వచ్చినది. నూరు కిలోమీటర్ల వేగమునకు 22. నూట నలువదికి 52. వేగముతో కావలసిన బలము ఎంత త్వరగా పెరుగునో గమనింపుడు. కొనిన గుఱ్ఱములలో అధికభాగము దాటుటకును, ఎక్కుటకును మాత్రమే వలయును. ఆ రెండు పనులకును గేరే తాళపుచెవి.

ముగింపు

మరునాటి ఉదయము మేమును, అతడును, అతని తండ్రియు కలిసి ఊరి వెలుపల నిర్జనమైన ఎక్కుడు బాటకు పోయితిమి. మూటలు దింపి, టైర్లు సరిచూచి, గంటకు 40 కిలోమీటర్లనుండి 80 వఱకు వేగమందుటకు ఎంత కాలము పట్టునో గడియారముతో చూచితిమి. అయిదవ గేరులో ఇరువది సెకనులు దాటినను ఇంకను అందలేదు. మూడవ గేరులో అందులో సగము కాలమైనను పట్టలేదు. తండ్రి వెనుక కూర్చుండి, "పెట్రోలు ఎక్కువ తాగదా?" అని యడిగెను. దాటునంతసేపు తాగును, దాటిన పిమ్మట పై గేరునకు పోయినచో మరల తగ్గునని చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "కారు మంచిదే నాయనా, మనమే ముక్కుతాడు సరిగా పట్టలేదు" అనెను. కుమారుడు అప్పుడు తలవంచుకొని బయానా సంగతి తండ్రికి చెప్పెను. తండ్రి కోపింపలేదు. అంగడివారు మూడువేలు తిరిగి యిచ్చిరట. ఆ సొమ్ముతో టైర్లకు గాలి కొట్టు చిన్న పంపును, ఒత్తిడి కొలత పరికరమును కొని మాకు చూపించెను.

ఇంకను కారు కొననివారికి మా మాట యిది. ఎక్కువ బలము నిజముగా కావలసినచో, దానిని కొనునాడే యెన్నుకొనవలెను. కర్మాగారమున దానికై నిర్మించిన ఇంజనునకు సాటివచ్చునది బజారున దొరకదు. కొనినవారికి మా మాట యిది. మఱిన్ని గుఱ్ఱములకై వెదకుటకు ముందు ఉన్నవానిని లెక్కింపుడు. విద్యార్థులారా! మీ యింటి స్కూటరో, ట్రాక్టరో, కారో యేదైనను సరే, దాని త్రిప్పుబలమును, చుట్లను దాని పుస్తకమున చూచి, పైని సూత్రముతో లెక్క వేయుడు. వచ్చిన సంఖ్యలను మాకు చూపినచో సంతోషింతుము.